మా అపార్టుమెంటు ముక్కు

చనిపోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలన్న నియమం నేను పాటించను. బతికుండగా చేసిన పని పాడె ఎక్కినంత మాత్రాన మారిపోదు. ఈ ముక్క సంతాపసభలోనే అనేద్దామనుకున్నాను. సెల్లారులో కార్లు బయటికి తీసి ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. దండ వేసిన ఫొటో పెట్టారు. మైకు కూడా తెప్పించారు. ఒక్కొక్కరే లేచి ఆయన ముక్కును పొగిడారు. ఆయన వల్లే మన అపార్టుమెంటు శుభ్రంగా ఉందన్నారు. అలాంటి ముక్కు మళ్ళీ పుట్టదన్నాడు సెక్రటరీ. మైకు నా చేతికొచ్చేసరికి ముందు వరసలో కూర్చున్న ఆయన భార్య తలెత్తి నా వంక చూసింది. నేను మైకు పక్కాయనకిచ్చి కూర్చున్నాను.

తర్వాత ఆమే అంది, రాసుకోండి అన్నయ్యగారూ, పేరు మాత్రం వద్దు అని. అందుకే పేరు రాయడం లేదు. పేరుతో పనీ లేదు. ఇలాంటి ముక్కు ప్రతి వీధిలోనూ ఒకటుంటుంది.

ఆయన ఉక్కు ప్లాంటు ల్యాబులో ఆఫీసరుగా చేసి రిటైరయ్యాడు. ఉక్కు నమూనాలో ఏ పదార్థం ఎంతుందో పరీక్షించి తేల్చడం ఆ ల్యాబు పని. రంగు చూసి ఉక్కు మంచిదో కాదో చెప్పేవాణ్ణి చూస్తే ఆయనకు నవ్వు. పరీక్ష లేనిదే మాట లేదనేవాడు. ఈ మాటకే మొదట్లో నాకు ఆయనంటే ఇష్టం కలిగింది. ఉక్కును అలా పరీక్షించినవాడు మనుషుల్ని ఎలా పరీక్షిస్తాడో చూశాక ఆ ఇష్టం పోయింది.

మనుషులకు ఆయన పెట్టే పరీక్ష ముక్కుతో. లిఫ్టు తలుపు తెరుచుకోగానే లోపలికి అడుగు పెట్టేవాడు కాదు. గడపలోనే ఆగి, గడ్డం పైకెత్తి, కళ్ళు మూసుకునేవాడు. చూపుడువేలితో ఒక ముక్కురంధ్రం మూసి పీల్చేవాడు, మళ్ళీ రెండోది మూసి పీల్చేవాడు. వెనక పిల్లలు స్కూలు బ్యాగులతో నిలబడి ఉన్నా సరే, ఆ తతంగం అయ్యాకే తీర్పు. తీర్పు ఒకటే మాట: "వస్తోంది." ఏం వస్తోందని ఎవరూ అడిగేవారు కాదు. నీచు వాసన. చేపో, మాంసమో, కోడిగుడ్డో. ఎవరింటినుంచో కూడా ఆయనే చెప్పేవాడు. సాయంత్రానికి ఆ ఇంటి తలుపు దగ్గర సెక్రటరీ నిలబడి ఉండేవాడు.

కళ్ళు మోసపోతాయండీ, చెవులు మోసపోతాయి, ముక్కు మోసపోదు అనేది ఆయన సిద్ధాంతం. ఫ్లాటు అద్దెకు కావాలని ఎవరైనా వస్తే ఆయన పక్కన నిలబడి పేరడిగేవాడు. ఊరడిగేవాడు. ఇంటిపేరడిగేవాడు. ఏం పని చేస్తారని అడిగేవాడు. అన్నీ తెలిశాక అప్పుడు గడ్డం ఎత్తేవాడు. ఈ వరస మారగా నేనెప్పుడూ చూడలేదు. మెట్ల మీద ఒకసారి ఆపి అన్నాను, ముందు వాసన చూసి, ఆ తర్వాత పేరడిగి చూడండి, మీ ముక్కు ఏపాటిదో తేలిపోతుంది అని. ఆయన పెద్దమనిషిలా నవ్వాడు.

"మాస్టారూ, మీరు దేవుణ్ణి నమ్మకపోండి, నాకేం అభ్యంతరం లేదు. నా ముక్కుని నమ్మండి చాలు."

ఊళ్ళో గాలికి కొట్టుకొచ్చి మా బాల్కనీల మీద పడే నల్లదుమ్మును ఆ ముక్కు ఎన్నడూ పట్టించుకోలేదు. డ్రైనేజీ పొంగిన రోజున కూడా దానికేం తెలియలేదు. అది మనుషులు వండుకునే కూరల కోసం పుట్టిన ముక్కు.

మా అపార్టుమెంటు కంచరపాలెంలో రైలు పట్టాలకు దగ్గర. వెనకవైపు ఒక సందు. ఆ సందులో రెండు గదుల ఇంట్లో నూకరత్నం ఉంటుంది. ఆమె భర్త ఫిషింగ్ హార్బరులో మరబోటు మీద పోతాడు. ఆమె రొయ్యల షెడ్డులో పనిచేసేది. పొద్దు పొడవకముందే వెళ్ళి, ఐసు నీళ్ళలో చేతులు పెట్టి రొయ్యలు వొలవాలి. ఎండాకాలం ఎలాగో నడుస్తుంది. చలికాలంలో వేళ్ళు కొయ్యముక్కలవుతాయి. గోళ్ళ పక్కన చీలి చీము పడుతుంది. ఆ చేతులు నేను చూశాను. షెడ్డు మానేసి, ఇంట్లో చిన్న కరెంటు ఓవెన్ పెట్టుకుని కేకులు చేయడం మొదలుపెట్టినప్పుడు, ఈ పని దేనికోసమని అడిగితే రెండు చేతులూ ఓవెన్ తలుపు ముందు చాపి, ఇందుకోసం మేస్టారూ అంది.

విశాఖపట్నంలో చలి అంటే బయటివాళ్ళు నవ్వుతారు. కానీ డిసెంబరు పొద్దున్నే కొండల మీద మంచు దిగితే మావాళ్ళు మంకీ క్యాపులు, మఫ్లర్లు చుట్టుకుని అంటార్కిటికాకు బయల్దేరినట్టు పాలపాకెట్టు కోసం బయల్దేరతారు. ఆ చలిలోనే నూకరత్నం బేరమంతా. శొంఠి, మిరియాలు, లవంగాలు, దాల్చినచెక్క ఎప్పటికప్పుడు రోట్లో దంచేది. బెల్లం వేసేది. పంచదారను నల్లగా మాడ్చి, ఆ పాకంతో కేకుకి రంగు తెచ్చేది. గుడ్డు తినని ఇళ్ళున్నాయని మా అపార్టుమెంటుకు చేసే కేకుల్లో పెరుగే కలిపేది. కేకు పొంగే వేళకు ఆ ఘుమఘుమ సందులోంచి లేచి మా ఐదంతస్తులూ ఎక్కేది. చలికాలంలో మా అపార్టుమెంటు ఆర్డర్లు నిలబడితే ఏడాది పొడుగునా ఓవెన్ వెలుగుతుంది. అవి పోతే మళ్ళీ రొయ్యల షెడ్డు, మళ్ళీ ఐసునీళ్ళు. ఆమెకు మూడోదారి లేదు.

మొదటి చలికాలం ఆయన కూడా ఆ కేకు తిన్నాడు. టీలో ముంచుకుని తిన్నాడు. కొత్త సంవత్సరానికి అపార్టుమెంటు మొత్తానికీ ఆమె దగ్గరే చేయిద్దామని ప్రతిపాదించింది కూడా ఆయనే. ఆ ఏడాదంతా ఆ కేకులో నీచు ఊసే లేదు.

మరుసటి చలికాలం ఒకనాటి ఉదయం ఆయన బాల్కనీలో ఎండకు నిలబడి సందులోకి చూశాడు. నూకరత్నం గుమ్మంలో ఒక ముసలమ్మ చేపల బుట్ట దించి నడుం పట్టుకుంటోంది. ఆమె నూకరత్నం అత్త. హార్బరులో చేపలు కొని వీధుల్లో అమ్ముతుంది. ఆ బుట్ట కంటపడిన మర్నాటినుంచి ఆయన ముక్కు కేకులో చేప వాసన పట్టడం మొదలెట్టింది. ఏడాది పొడుగునా రాని వాసన, బుట్టను చూశాక వచ్చింది. కళ్ళు మోసపోతాయన్న మనిషికి కళ్ళే ముక్కు పని చేసిపెట్టాయి.

లిఫ్టులో అన్నాడు. వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. ఓవెన్ ఒక్కటేనండీ, అందులోనే చేప, అందులోనే కేకు అన్నాడు. ఎవరూ ఓవెన్ చూడలేదు. అయినా ఒక్కో ఇంటినుంచీ ఆర్డరు రద్దయింది. పిల్లలకు దగ్గంది ఒకావిడ. షుగరు పెరిగిందన్నాడు ఒకాయన. కారణం చెప్పే ధైర్యం కూడా లేని జనం.

అప్పుడు మార్గశిర మాసం నడుస్తోంది. మా ఊళ్ళో మార్గశిర లక్ష్మీవారాలంటే ఆడవాళ్ళకు పెద్ద పట్టింపు. అలాంటి పట్టింపులతో నాకు పనిలేదు. కానీ సాక్ష్యం సాక్ష్యమే. నూకరత్నం ఇంట్లో ఆ నెలంతా చేప వండరు. లక్ష్మీవారమైతే అత్త తన బుట్టను కూడా హార్బరు దగ్గర చెల్లెలి ఇంట్లోనే వదిలి వస్తుంది. కులాన్ని అన్నందుకు కాదు, వ్రతం తప్పారన్నందుకు ఆ ముసలమ్మకు ఒళ్ళు మండింది. సందులో నిలబడి మా బాల్కనీలు వినేలా అంది:

"లచ్చివారం పూట మాయింట్లో సేపంటాడేటి? రమ్మను సారుని. ఆ ముక్కుచ్చుకునే రమ్మను."

ఆయన వచ్చాడు. వెంట సెక్రటరీ, నేను. అది లక్ష్మీవారం ఉదయం. మంకీ క్యాపులోంచి కళ్ళూ ముక్కూ మాత్రమే కనిపిస్తున్నాయి. లోపల వంటగదికి తెర వేసి ఉంది. ముందుగదిలో మమ్మల్ని కూర్చోమన్నారు. ఆయన కూర్చోలేదు. నూకరత్నం ఓవెన్ తలుపు తీసి చూపించింది. పళ్ళేలు చూపించింది. ఈ ఓవెన్లో సేప పెట్టి ఎరగనండి, మేం సేపని పెనం మీద కాల్చుకుంటాం అని చెప్పింది. అత్త అందుకుని, తాము ఏం తింటారో, ఎప్పుడు తింటారో లెక్కంతా చెప్పడం మొదలుపెట్టింది. మాటల్లో పడి, లోపల పొయ్యి మీద పంచదార పాకం ఉన్న సంగతి నూకరత్నం మరిచిపోయింది.

ముందు నాకు తగిలింది. మాడిన పంచదార వాసన. నల్లగా కావడం దాటి బొగ్గయ్యే వాసన. గొంతు పట్టేసింది. సెక్రటరీ ముఖం చిట్లించి జేబురుమాలు తీశాడు. ముసలమ్మ దగ్గింది. సరిగ్గా ఆ క్షణంలో ఆయన మా ముఖాలు చూశాడు. గడ్డం పైకెత్తి కళ్ళు మూసుకున్నాడు. ఒక రంధ్రం, తర్వాత రెండోది.

"చూశారా, మీకూ తెలిసింది" అన్నాడు. "వస్తోంది. వేయించిన చేప."

"పాకం మాడిపోతందే" అని ముసలమ్మ కోడల్ని కసిరింది. నూకరత్నం లోపలికి పరిగెత్తింది. గిన్నె నీళ్ళలో పెట్టిన చప్పుడు వినబడింది. తెర పక్కనుంచి పొగ వచ్చింది. ఆయన కళ్ళు తెరిచి, పొగ చూసి, అప్పుడు ముక్కు మూసుకున్నాడు.

నేను చాలా వాదాలు చేశాను. సభల్లో, బడుల్లో, పెళ్ళి పందిళ్ళలో. ఇంత చక్కటి రుజువు ఎవరూ అడక్కుండా నా ముందుకొచ్చి నిలబడటం ఎన్నడూ ఎరగను. ఆ మనిషికి వాసన తెలియదు. ముసలమ్మ కూడా కనిపెట్టేసింది.

"ముక్కు పోయినోడికి మునసబుగిరీ ఇచ్చేరేటి మీ మేడోళ్ళు?" అంది నాతో.

ఆ సాయంత్రం ఆయన భార్య నన్ను మెట్ల మీద ఆపింది. కరోనా వచ్చి తగ్గాక ఆయనకు వాసన తిరిగి రాలేదట. కాఫీ వాసన తెలియదు, అగరొత్తి వాసన తెలియదు. అన్నం, సున్నం ఒకటే. డాక్టరుకు చూపించుకోమంటే, ఎవరికైనా తెలుస్తుందని వెళ్ళలేదు. ఇంకో సంగతి కూడా చెప్పింది. శొంఠీ మిరియాలూ దట్టించిన నూకరత్నం కేకు ఒక్కటే ఆయన నోటికి తగిలేది. ఇందులో మహిమేం లేదు. ఘాటు వాసన కాదు, మంట. వాసన పోయినవాడి నాలుక్కి కూడా మంట తెలుస్తుంది. అందుకని కేకు మానిపించిన రోజునుంచి కూడా ఆమె కొంగు చాటున తెచ్చి పెడుతూనే ఉంది. ఎక్కడిదని ఆయన అడగలేదు. అడిగితే జవాబు వినాల్సొస్తుంది. పైన బాల్కనీలో చేపకంపని చాటింపు, లోపల తలుపేసుకుని టీలో ముంచుకోవడం.

"ఎవరికీ చెప్పకండి అన్నయ్యగారూ. ఆ ముక్కు కూడా లేదని తెలిస్తే ఇంక ఆయనకేం మిగుల్తుంది?"

నాకు వెంటనే అనిపించింది, ఐసునీళ్ళలో చెయ్యి పెట్టబోయేది ఆయన కాదు కదా అని. అదే అన్నాను. కానీ ఆమె కళ్ళనీళ్ళు చూసి నోరు కట్టేసుకుంటానని మాటిచ్చాను. చీకటి పడేలోపే ఆమె సందులోకి వెళితే నేనూ వెంట వెళ్ళాను. ఆమె కొంగు తీసి పట్టింది. నూకరత్నం కేకు ఇవ్వలేదు.

"దొంగసాటుగా ఇవ్వనండి. సారు పైనుండి వద్దంటాడు, మీరు కిందనుండి కొంగులో ఎట్టుకెల్తారు. మద్దిన నానేటి, గంజాయి అమ్ముతన్నానా?" తర్వాత నెమ్మదిగా చెప్పింది. "ఆదివారం మీ మేడోళ్ళ మీటింగులో సారుని ఒక్క మాట అనమనండి. నాకు వాసన తెల్దు అని. మేం మంచోళ్ళమని అనక్కర్లేదు. ఆ ముక్క సాలు, నా ఓవెన్ ఆగదు."

ఇంత చిన్న కోరిక నేనింతవరకు వినలేదు. క్షమాపణ అడగలేదు. నష్టం అడగలేదు. ఒక్క నిజం, అదీ ఆయన గురించే.

ఆ ఆదివారం సెల్లారులో మీటింగు. వెనక సందునుంచి తినుబండారాలు తెప్పించుకోవచ్చా, కొత్త సంవత్సరం కేకు ఎవరికివ్వాలి అనేవి విషయాలు. భార్య ఆయనకు అంతా చెప్పే తీసుకొచ్చింది. నేను లేచి, లక్ష్మీవారం నాడు ఆ ఇంట్లో ఏం వాసన వచ్చిందో అక్కడున్నవాళ్ళే చెప్పాలన్నాను. ముందు సెక్రటరీని అడిగాను. ముఖం చిట్లించి జేబురుమాలు తీసిన సెక్రటరీ.

"ఆ వేళ నాకు జలుబండీ మాస్టారూ" అన్నాడు.

ఆయన లేచాడు. అందరూ ఆయన వంకే చూస్తున్నారు. అలా అందరూ చూడటం ఆ మనిషికి ఎంత ఇష్టమో నాకు తెలుసు. భార్య వంక ఒకసారి చూశాడు. ఆమె తన చేతుల వంక చూసుకుంటోంది. ఆయన నోరు తెరిచాడు. ఒక్క క్షణం, నిజం చెబుతాడనే అనుకున్నాను. గడ్డం పైకి లేచింది.

"అక్కడిదాకా ఎందుకు? ఇక్కడికే వస్తోంది" అన్నాడు.

చప్పట్లు కొట్టలేదు గానీ, చేతులెత్తారు. కేకు పెద్ద బేకరీకి ఇద్దామని తీర్మానం. అందులో గుడ్డుందా అని ఒక్కరూ అడగలేదు. ఆ ముక్కు చెడినదైతేనేం, వాళ్ళకు కావలసిన మాట చెబుతోంది. తమ నోటితో అనలేనిది ఆయన ముక్కుతో అనిపించుకున్నారు. చదువుకున్నవాళ్ళకు అలాంటి ముక్కు ఒకటి ఎప్పుడూ అవసరమే.

మర్నాడు పొద్దున్న నూకరత్నం షెడ్డు మేస్త్రీకి ఫోన్ చేసి, పని ఉందా అని అడుగుతోంది. నేను అక్కడే నిలబడి చూస్తున్నాను. అప్పుడు వచ్చింది ఆయన భార్య. వెనక మెట్లనుంచి కాదు. ముందు గేటులోంచి, వాచ్‌మన్‌కు చెప్పి, రోడ్డు చుట్టి, మా అపార్టుమెంటు బాల్కనీలన్నీ చూస్తుండగా సందులో నడిచి వచ్చింది. చేతిలో పెద్ద స్టీలు డబ్బా. కొంగు చాటున పెట్టుకోలేదు.

"ఇది దొంగచాటు కాదు కదమ్మా" అంది.

నూకరత్నం ఫోన్ పెట్టేసింది. "కాదండి" అని డబ్బా అందుకుంది.

ఆమె పేరుమోసిన ముక్కు గారి భార్య. ఆమే కొన్నాక ఇంకెవరికి అడ్డు? రెండో అంతస్తు ఆవిడ పనిమనిషిని పంపింది. దగ్గన్న ఆవిడ తనే వచ్చింది. షుగరాయన ఫోన్లో చెప్పాడు. తీర్మానం మాత్రం ఎవరూ రద్దు చేయలేదు. తప్పైందని ఒక్కరూ అనలేదు. పిరికితనంతో ఎలా మానేశారో అలాగే తిరిగి వచ్చారు. ఆ చలికాలమంతా ఓవెన్ వెలుగుతూనే ఉంది. నూకరత్నం చేతులు ఇప్పుడు పిండితో, మసాలా మరకలతో ఉంటాయి. చీలికలు లేవు.

ఆయన సంగతి తర్వాత భార్య చెప్పింది. ఆ మొదటి రోజు డబ్బా తెచ్చి, కేకు ముక్క పళ్ళెంలో ఆయన ముందు పెట్టిందట. ఇన్నాళ్ళూ అడగనివాడు అప్పుడు అడిగాడు, ఎక్కడిదని. ఆమె చెప్పింది. పళ్ళెం పక్కకు తోశాడు. అందరూ చూశాక తినడం ఆయన వల్ల కాలేదు. వేసవిలో గుండె ఆగి చనిపోయేదాకా గడ్డి నములుతున్నట్టుందని విసుక్కుంటూ పెరుగన్నం తిన్నాడు గానీ, ఆ కేకు ముట్టుకోలేదట.

జాలిపడమంటారు చాలామంది. తిండి దొరకనివాడి మీద జాలిపడతాను. ఈయనకు ఎదురుగా తెచ్చి పెట్టారు. తినడానికి ఒక్క నిజం ఒప్పుకుంటే సరిపోయేది. నోటికి రుచి లేకుండా బతకడానికి సిద్ధపడ్డాడు గానీ, ముక్కున్నవాడన్న పేరు లేకుండా బతకడానికి సిద్ధపడలేదు. దీన్ని పట్టుదలంటారు కొందరు. దీనికి నా దగ్గర ఆ మాట లేదు.

"రోజూ పెట్టారా?" అని ఆమెను అడిగాను.

"రోజూ పెట్టాను అన్నయ్యగారూ. రోజూ తోసేశారు."

"మరి ఆ కేకంతా ఏం చేశారు?"

"నేను తిన్నాను" అంది ఆమె. "బాల్కనీలో కూర్చుని."